గుర్తులేని పోలీసు కారు

రాత్రివేళ నిర్జనమైన బాటలో ఒక సాదా కారు మన వాహనమును దాటి ముందునకు వచ్చి, కిటికీనుండి చేయి చాచి ఆగుమని సైగ చేసినచో గృహస్థుడేమి చేయవలయును? ఆగినచో దోపిడిగాండ్ర పాలబడుదునేమో యని భయము. ఆగకపోయినచో పోలీసు నాజ్ఞను ధిక్కరించిన నేరము తగులునేమో యని భయము. రాజధానులలో కూర్చుండి చట్టములు వ్రాయువారికి ఈ ప్రశ్న స్వల్పముగా తోచవచ్చును. మడకశిర బాటలెరిగిన రైతునకును వర్తకునకును అట్లు తోచదు.

మడకశిర యునికి యెట్టిదో పటమును చూచిన తెలియును. 2022 ఏప్రిలు 4వ తేదీన అనంతపురము జిల్లానుండి విడివడి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన యీ ప్రాంతము కర్ణాటకములోనికి చొచ్చుకొనిపోయిన నేల. శిర, మధుగిరి, పావగడ తాలూకాలు దీనిని ఆనుకొనియున్నవి. ఆ పావగడయో, తిరిగి ఆంధ్రభూమిలోనికి చొచ్చుకొనివచ్చినది. అమరాపురము, అగళి, రొళ్ల, గుడిబండ గ్రామములవారు ఒక పూట ప్రయాణములో రాష్ట్రపు టెల్లను రెండు సారులు దాటుట విశేషము కాదు. ఈ మెట్టసీమలో వాన తక్కువ. ఊరికిని ఊరికిని నడుమ ఎడము ఎక్కువ. ప్రొద్దు గ్రుంకిన పిదప గుట్టలు, చింతచెట్లు, ఎక్కడనో యొక బోరుబావి కడ దీపము, అంతే. ఇటు తెలుగు, అటు కన్నడము. ఇరువైపులవారును రెండు భాషలు నేర్చినవారే గనుక ఆపినవాని మాటనుబట్టి వాడెవడో పోల్చుకొనుట కల్ల. టోపీనిబట్టి పోల్చుకొందమన్నను కుదరదు. ఒక ప్రక్క అంచు పైకి మడచిన టోపీ కర్ణాటక కానిస్టేబులుకు చిరకాలపు గుర్తు. 2025లో ఆ ప్రభుత్వము దానిని తీసివేసి వేరు టోపీని ప్రవేశపెట్టినది. క్రొత్త టోపీని మన పల్లెలవా రింకను కన్నులార చూచినవారు కారు.

సాదా కారులలో అధికారులు తిరుగుట మన కట్టుకథ కాదు. ఇది ఈ పదియేండ్లలో బాగుగా పెరిగినది. 2017 జూలై 1వ తేదీన జి.ఎస్.టి. వచ్చినప్పుడు సరిహద్దులయందలి వాణిజ్యపన్నుల చెక్‌పోస్టులు లేచిపోయినవి. గేటు పోయినదే గాని తనిఖీ పోలేదు. చట్టపు 68వ సెక్షను ప్రకారము అధికారి దారిలో ఎచ్చటనైనను సరకు బండిని ఆపి పత్రము లడుగవచ్చును. 2020లో మద్యము, ఇసుక దొంగరవాణాను అరికట్టుటకు ఆంధ్ర ప్రభుత్వము ప్రత్యేకముగా ఒక ఎన్‌ఫోర్సుమెంటు బ్యూరోను పెట్టినది. 2024లో దానిని రద్దుచేసినది. ఎన్నికలు వచ్చినప్పుడు ఫ్లయింగు స్క్వాడులు, 50,000 రూపాయలకు మించిన నగదునకు లెక్క చూపుమనుటలు. ఇన్ని శాఖలవారు ఇన్ని విధముల ఆపుచుండగా, ఎవరు చేయెత్తినను ఆగి చేతులు కట్టుకొని నిలువబడుట మన జనులకు అలవాటైనది. దొంగకు కావలసినదియు ఆ యలవాటే.

మడకశిరకు మూడు నాలుగు గంటల దూరముననున్న బెంగళూరులో 2025 నవంబరు 19వ తేదీన జరిగిన దోపిడి దీనికి నిదర్శనము. అది రాత్రి కాదు, అడవి కాదు. పట్టపగలు, నగరము నడుమ. ఏ.టి.ఎం.లకు నగదు చేర్చు వాహనమును ఒక కారు అడ్డగించినది. ఆ కారునకు భారత ప్రభుత్వ చిహ్నము అంటించియున్నది. దిగినవారు రిజర్వుబ్యాంకు అధికారులమని చెప్పి, మీరు నిబంధనల నతిక్రమించితిరని గద్దించి, సిబ్బందిని తమ కారులో నెక్కించుకొని, తుదకు 7 కోట్ల 11 లక్షల రూపాయలతో మాయమైరి. కావలివారి చేతిలో తుపాకులున్నవి, ఒక్కటియు పేలలేదు. ధనములో పెద్ద భాగమును పోలీసులు తరువాత స్వాధీనపరచుకొనిరి. ఆ వెదకులాట మన చిత్తూరు జిల్లా వరకు వచ్చినది. నేరారోపణకు గురియై పట్టుబడినవారిలో ఒక పోలీసు కానిస్టేబులు కూడ ఉండుట మిక్కిలి విచారకరము. అచ్చట తుపాకి నోడించినది కత్తి కాదు, గద్దింపు. అధికారి గద్దించినప్పుడు గుర్తుకార్డు అడుగుట అవిధేయత యని మనవారు భావించుచున్నారు. ఈ భావమే తప్పు.

చట్టమేమి చెప్పుచున్నది? 1988 మోటారు వాహనముల చట్టపు 130వ సెక్షను ప్రకారము బహిరంగ స్థలమున వాహనము నడుపువాడు, యూనిఫారములోనున్న పోలీసు అధికారి కోరినప్పుడు లైసెన్సును చూపవలెను. "యూనిఫారములో" అను మాటను చట్టకర్తలు ఊరక వేయలేదు. కారునకు గాని, దానిపై మిణుకుదీపమునకు గాని, అద్దముపై చీటీకి గాని చట్టమా గౌరవము నీయలేదు. 2017 మే 1వ తేదీనుండి మంత్రుల కారులకే ఎర్రబుగ్గలు తీసివేసిరి. అట్టి దీపములు అంగడిలో ఎవడైనను కొనవచ్చును. ఇక పోలీసువాడనని బొంకి అధికారము చెలాయించువానికి భారతీయ న్యాయసంహిత 204వ సెక్షను ఆరు నెలలకు తక్కువ కాకుండ మూడేండ్ల వరకు శిక్ష విధించుచున్నది. అట్లని సాదా దుస్తుల పోలీసులుండరాదని మేమనము. దొంగను వెంటాడునప్పుడు ఢంకా వాయించుకొని పోలేరు గదా! కాని అట్టివారు దారిన పోవు గృహస్థు నాపినప్పుడు, తామెవరో రుజువు చేయవలసిన భారము వారిదే గాని అతనిది కాదు.

అయినను రుజువు చూచువరకు పలాయనము చిత్తగింపు మని మేము చెప్పుట లేదు. వేగము పెంచి పారిపోవుట అన్నిటికంటె ప్రమాదకరము. నిజమైన పోలీసులైనచో దొంగయని తలచి తరుముదురు. ఇరుకు బాటలలో ఆ తరుముటయే ప్రాణాంతకము. చేయవలసినది వేరు. సైగను గమనించితినని వారికి తెలియజేయవలెను: వేగము తగ్గించి, నాలుగు ప్రక్కల మిణుకుదీపములను వెలిగించి, చేయి బయటకు చాచి ముందునకు చూపుచు, మెల్లగా మనుష్యులున్న చోటికి పోవలెను. ఊరి కూడలి కావచ్చును, పెట్రోలు బంకు కావచ్చును, హోటలు కావచ్చును, పోలీసు స్టేషనైనచో మరియు మంచిది. అచ్చట ఆగి, లోపలి దీపము వేసి, తలుపులు తాళము వేసియుంచి, అద్దము రెండు వ్రేళ్లంత దించి, మర్యాదగా పేరు, హోదా, ఏ స్టేషనో అడుగవలెను. కార్డు చూపుమనవలెను, మెరపువలె చూపి జేబులో వేసికొనిన కార్డు కార్డు కాదు. మోటారు సైకిలు వానికి తలుపులు లేవు. గనుక అతడు జనము నడుమనే ఆగుట మరింత యావశ్యకము.

మన దేశములో ఒక దురాచారమున్నది. పోలీసువారు జీపులో కూర్చుండి, కాగితములు తీసికొని నీవే రమ్మందురు. మనమును దిగి పరుగెత్తుదుము. అమెరికాలో నున్న మన బిడ్డల నడిగిచూడుడు: అచ్చట కారు దిగుటయే తప్పు, చేతులు స్టీరింగుపై నుంచి కదలక కూర్చుండవలెను, అధికారియే నడచివచ్చును. రెండు దేశముల పద్ధతు లొకటి కానక్కరలేదు గాని, చీకటిలో వాహనము విడిచి అపరిచితుల కారు వద్దకు పోకుండుట ఎచ్చటనైనను వివేకమే. లైసెన్సును, ఇతర పత్రములను ఎలక్ట్రానిక్ రూపమున చూపుటకు కేంద్ర నిబంధనలు 2018నుండి అనుమతించుచున్నవి. అద్దములోనుండియే ఫోనులో చూపవచ్చును. ఆ ఫోనును మాత్రము చేతి కీయరాదు.

సందేహము తీరనిచో 112కు ఫోను చేయవలెను. "మా సారుతో మాట్లాడు" మని వారిచ్చు ఫోనులో మాట్లాడుట వ్యర్థము. ఆ సారు కూడ ఆ ముఠావాడే కావచ్చును. సరిహద్దున ఇంకొక చిక్కున్నది. మన ఫోను ఎల్లకు ఆవలి టవరును పట్టుకొనినచో పిలుపు కర్ణాటకమువారికి పోవచ్చును. గనుక మొట్టమొదట ఊరి పేరు, మండలము, రాష్ట్రము చెప్పి, తరువాత ఆ కారు నంబరు చెప్పవలెను. ఎట్టి పరిస్థితులలోను వారి కారు ఎక్కరాదు. బెంగళూరి సిబ్బంది చెడినది అచ్చటనే. నిజముగా అరెస్టు చేయదలచినచో తన పేరు స్పష్టముగా కనబడునట్లు ధరించుట ఆ యధికారి విధి, 1996లో డి. కె. బసు కేసులో సుప్రీముకోర్టు విధించిన యీ నియమము నేడు భారతీయ నాగరిక సురక్షా సంహిత 36వ సెక్షనులో నున్నది. స్త్రీలను ప్రొద్దు గ్రుంకిన పిదప ప్రత్యేక కారణము, మేజిస్ట్రేటు అనుమతి, మహిళా అధికారి లేక అరెస్టు చేయరాదు. సోదాచేసి సొమ్ము పట్టుకొనినచో 105వ సెక్షను ప్రకారము వీడియో తీయవలెను, జాబితా వ్రాయవలెను. వక్కలో పట్టుగూళ్లో అమ్మి సొమ్ముతో తిరిగివచ్చు రైతు అమ్మకపు చీటీని సొమ్ముతోపాటు ఉంచుకొనుట మంచిది.

వారు దారికడ్డముగా కారు నిలిపి ఆయుధము చూపినచో వాదము మానవలెను. సొమ్ము పోనిండు. తరువాత ఎల్లకు ఏ వైపున జరిగినదను తగవుతో "మా హద్దు కాదు" అని ఏ స్టేషనువారును త్రిప్పిపంపుటకు వీలులేదు. 2024 జూలై 1నుండి అమలైన సంహితలో 173వ సెక్షను, నేరము ఎచ్చట జరిగినను ఫిర్యాదు వ్రాసికొనవలెనని శాసించుచున్నది. మడకశిరవారికి ఇంతకంటె పనికివచ్చు సెక్షను లేదు.

పోలీసు అధికారులకు ఈ మాటలు రుచింపకపోవచ్చును. కాని గుర్తులేని కారు వారికిని క్షేమకరము కాదు. 2018 జూలైలో హైదరాబాదునుండి కారులో పోయిన యువకులను, పిల్లల నెత్తుకొనిపోవువారను వదంతి నమ్మి, బీదరు జిల్లా ముర్కి గ్రామమున జనులు అడ్డగించి కొట్టగా ఒక ఇంజనీరు ప్రాణము కోల్పోయెను. అర్ధరాత్రి మన పల్లె ప్రక్కన సాదా కారులో, సాదా దుస్తులలో నిలిచి వచ్చిపోవువారి నాపు పోలీసులను చూచి ఊరివారు దొంగలనుకొనినచో ఏమి కాగలదో వారే యూహించుకొందురు గాక.

లండనులో 2021 మార్చిలో ఒక పోలీసు ఉద్యోగియే తన కార్డు చూపి, ఇంటికి నడచిపోవుచున్న యువతిని దొంగ అరెస్టు చేసి, కొనిపోయి చంపెను. అనంతరము ఆ నగర పోలీసువారు, అనుమానము కలిగినచో కేక వేయుడు, ఇంటిలోనికి పరుగెత్తుడు, బస్సు నాపుడని స్త్రీలకు హితము చెప్పగా జనులు మండిపడిరి. మా యభిప్రాయమున ఆ కోపము న్యాయము. భారమంతయు బాధితుల నెత్తినే వేయుట అది. అటుపిమ్మట, ఒంటరిగా నున్న సాదా దుస్తుల అధికారి తానే కంట్రోలు రూమును పిలిచి, అవతలివారికి తన గుర్తింపును రుజువు చేయవలెనను పద్ధతి పెట్టిరి. ఆ బుద్ధి మొదటనే పుట్టవలసినది.

మనకును అట్టిదే కావలెను. సాదా కారు బయలుదేరుటకు ముందే దాని నంబరు, అందలి యధికారి పేరు కంట్రోలు రూములో నమోదు కావలెను. 112లో అడిగినవారికి అవునో కాదో చెప్పవలెను. రాత్రివేళ వాహనముల నాపు కారులో యూనిఫారము ధరించిన వాడొక్కడైనను ఉండవలెను. వెలుగున్న చోటు వరకు మెల్లగా నడిపి ఆగినవానిపై ధిక్కారపు కేసు పెట్టరాదని వ్రాతమూలముగా ఉత్తరువు వెలువడవలెను. చట్టమున ఈ మాట స్పష్టముగా లేనందుననే ఈ ఉత్తరువు అవసరము. ఇది ఆంధ్రమున మాత్రమే జరిగిన చాలదు, ఎల్ల దాటిన మరుక్షణమున వేరు పోలీసు గదా! అయినను ఇందులకు శాసనసభలు సమావేశము కానక్కరలేదు. శ్రీ సత్యసాయి, తుమకూరు జిల్లాల పోలీసధికారు లిరువురు ఒక దినము మడకశిరలో కూర్చుండి మాటలాడుకొనినచో ఆరంభమున కది చాలును.