తలకు, ముఖమునకు కలిసి దెబ్బ తగిలినప్పుడు

మోటారు సైకిలు మీదనుండి పడినవారికి పుర్రె ఎముక, ముఖపు ఎముకలు కలిసి విరుగుట కలదు. ముఖము వాచి, రక్తసిక్తమై గుర్తుపట్టలేనంతగా మారుతుంది. "ముఖమునకు ఇంకా ఆపరేషను చేయరేమి?" అని ఇంటివారు ఆందోళన పడతారు. అట్టివారికి ఈ నెల మేము చెప్పదలచినది ఒక్కటే: ముఖము కొన్ని దినములు ఆగగలదు; ఊపిరి, మెదడు ఆగలేవు.

ప్రమాద స్థలములోనే చికిత్స మొదలవుతుంది. స్పృహలేని వానిని వెల్లకిల పడుకోబెడితే రక్తము, విరిగిన పళ్ళు, వెనుకకు జారిన నాలుక ఊపిరికి అడ్డుపడతాయి. మెడ ఎముకకు కూడ దెబ్బ తగిలి ఉండవచ్చును గనుక ఇద్దరు ముగ్గురు కలిసి తల, మెడ, మొండెము ఒకేసారి ప్రక్కకు త్రిప్పవలెను. నోటిలో కనబడువాటిని తీసివేయండి. నీళ్ళు, సోడా త్రాగించవద్దు. 108కి ఫోను చేయండి. ముక్కునుండి గాని చెవినుండి గాని తేటనీరు కారితే అది మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చును. అక్కడ దూది కుక్కరాదు, ముక్కు చీదరాదు. క్రిములు మెదడు పొరలకు చేరగలవు.

ఆసుపత్రిలో మొదట ఊపిరి దారి సరిచేస్తారు. అవసరమైతే గొంతు వద్ద రంధ్రము చేసి గొట్టము అమర్చుతారు. పుర్రె అడుగుభాగము విరిగినదని అనుమానముంటే గొట్టమును ముక్కుగుండా కాక నోటిగుండా వేస్తారు. తరువాత రక్తస్రావము ఆపి, సి.టి. స్కాన్ తీస్తారు. గడ్డకట్టిన రక్తము మెదడును నొక్కుతుంటే వెంటనే పుర్రె తెరుస్తారు.

ముఖపు ఎముకలను సాధారణముగా కొన్ని దినములకు, వాపు తగ్గిన పిమ్మట టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు. నుదుటి ఎముక విరిగితే మెదడు, ముఖ శస్త్రవైద్యులు కలిసి పనిచేస్తారు. అయితే చూపు తగ్గుచుంటే ఆలస్యము పనికిరాదు, వెంటనే చెప్పండి. వారముల తరబడి విడిచిపెట్టినా ఎముకలు వంకరగా అతుక్కుంటాయి.

పై, క్రింది పళ్ళను తీగెతో కట్టి పంపితే రాగిజావ, పాలు, వడగట్టిన పప్పుకట్టు ఇవ్వండి. ప్రతిసారి నోరు పుక్కిలింపజేయండి. వాంతియై ఊపిరాడకపోతే తీగె కత్తిరించుటకు కటింగు ప్లేయరు దగ్గర ఉంచండి. ఎక్కడ కత్తిరించవలెనో వైద్యుని ముందే అడగండి. మరల మరల వాంతులు, మత్తు, మూర్ఛ, ముక్కునుండి నీరు కనిపిస్తే ఆసుపత్రికి తిరిగి తీసుకొని వెళ్ళండి. మతిమరుపు, కోపము మెదడు దెబ్బవలన కలుగవచ్చును. వానిని గద్దింపక ఓర్చుకొనండి.

హెల్మెట్ తల గాయముల అపాయమును సుమారు 69 శాతము, మరణమును 42 శాతము తగ్గించునని 2008లో వెలువడిన ఒక అంతర్జాతీయ సమీక్ష తెలిపినది. గడ్డమును కూడ కప్పునది కొనండి, పట్టీ బిగించండి. బండి తాళము ఇచ్చేటప్పుడే మీ కుమారుని చేతికి అది కూడ ఇవ్వండి.