డిజైన్ చదువు ఎవరి కోసం?

డిజైన్ అంటే ఖరీదైన వస్తువులకు సొగసులు దిద్దడమేనన్న అభిప్రాయం దేశంలో బలంగా ఉంది. ఈ విద్యకు ఇక్కడ పునాది వేసిన పత్రం మాత్రం వేరే మాట చెప్పింది. ప్రభుత్వ ఆహ్వానంపై వచ్చిన అమెరికన్ డిజైనర్ దంపతులు చార్లెస్, రే ఈమ్స్ 1958లో సమర్పించిన నివేదికలో, తాము దేశంలో చూసిన వస్తువులన్నిటిలోకీ గొప్పదిగా పేర్కొన్నది సామాన్యుని ఇంటి చెంబును. ఆ నివేదిక ప్రేరణతోనే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది.

ఆ ఆశయానికి గట్టి పరీక్ష జవాజాలో ఎదురైంది. రాజస్థాన్‌లో అప్పటి అజ్మీర్ జిల్లాకు చెందిన ఈ కరవు ప్రాంతంలో అభివృద్ధికి తగిన వనరులే లేవన్నది అధికారుల అంచనా. మనుషులు, వారి చేతి నేర్పు వనరులు కావా అన్నది అహ్మదాబాద్ ఐఐఎం మాజీ డైరెక్టర్ రవి మథాయ్ ప్రశ్న. 1975లో ఆయన చొరవతో ఐఐఎం, డిజైన్ సంస్థల బృందాలు అక్కడి తోలు పనివారితోను, నేతగాళ్లతోను కలిసి పని ప్రారంభించాయి. నగర విపణికి తగిన సంచులు, తివాచీలు రూపొందాయి. నిజానికి అది సులువైన భాగం. ముడిసరుకు, అప్పు, లెక్కలు, నాణ్యత, బేరం అన్నీ దళారుల నుంచి పనివారి చేతికి రావడమే కష్టమైంది. ఏళ్లు పట్టింది. నిపుణులు తప్పుకున్నా పని నిలవాలన్నది మథాయ్ నియమం. 1984లో ఆయన మరణించిన తరువాత కూడా పనివారి సంఘం కొనసాగడం గమనార్హం.

1979లో ఐక్యరాజ్య సమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ భాగస్వామ్యంతో జరిగిన సదస్సు వెలువరించిన అహ్మదాబాద్ ప్రకటన, డిజైన్‌ను అభివృద్ధి సాధనంగా గుర్తించింది. 2014 చట్టం అహ్మదాబాద్ సంస్థకు జాతీయ ప్రాధాన్యం కల్పించగా, 2019 సవరణ అమరావతి, భోపాల్, జోర్హాట్, కురుక్షేత్ర సంస్థలకూ ఆ హోదా ఇచ్చింది.

హోదాతో పాటు జవాజా ఓర్పు కూడా సంక్రమించిందా అన్నది వేరే ప్రశ్న. సెమిస్టర్ల లెక్కన నడిచే చదువులో విద్యార్థి గ్రామంలో గడపగలిగేది కొన్ని వారాలే. అమరావతి సంస్థకు ఏటికొప్పాక, కొండపల్లి రాష్ట్రంలోనే ఉన్నాయి. లక్క బొమ్మకు కొత్త రూపం గీయడం ఒక సెమిస్టర్‌లో ముగియవచ్చు. అక్కడి పనివారికి కావలసిన అంకుడు, పొణికి చెట్లు పెరగడానికి మాత్రం అంతకు ఎన్నో రెట్లు కాలం పడుతుంది.