సంఘపు చిట్టాలో వానలెక్కయు నుండవలయును

మాఘ ఫాల్గుణములు రైతునకు నమ్మరాని మాసములు. తెల్లవాఱుజామున మంచు కురియును. మధ్యాహ్నమునకు ఎండ మండును. సాయంకాలమునకు ఈశాన్యమున మబ్బు పట్టి యుఱుమును. శివరాత్రితో చలి పోవునని పెద్దలు చెప్పుదురు గాని, పోయిన చలి రెండు దినములలో మరల వచ్చుటయు మన మెఱిగినదే. ఈ కాలముననే మామిడిపూత పిందె గట్టును. మిరపకాయ కల్లములలో నెండును. పసుపును ఉడికించి యారబోయుదురు. మాగాణి మినుము కోతకు వచ్చును. మొక్కజొన్న కంకి పాలుపోసికొనును. అనగా సంవత్సరపు పెట్టుబడియంతయు ఆరుబయట నుండు దినము లివి. ఇట్టి దినములలో మన గ్రామమున నెంత వాన పడినది, రాత్రి యెంత చలి వేసినది యని యడిగినచో పుస్తకము తెఱచి చెప్పగల సంఘములు చాల తక్కువయని మా యభిప్రాయము. ఈ లోపమును ప్రతి సహకారసంఘమును తీర్చుకొనవలయునని విన్నవించుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

2023వ సంవత్సరమును జ్ఞప్తికి దెచ్చుకొనుడు. పగటి వేడిమి సగటును బట్టి చూడగా, 1901 మొదలు అప్పటివరకు వచ్చిన ఫిబ్రవరులన్నిటిలో ఆ యేటిదే మిక్కిలి వేడియైనదని భారత వాతావరణశాఖవారు ప్రకటించిరి. ఆ వేడి చల్లాఱకముందే, మార్చి మూడవ వారమున తెలంగాణమున వడగండ్లు కురిసెను. 2 లక్షల 28 వేల యెకరములకు పైగా పంట చెడినదని ప్రభుత్వము లెక్కగట్టి, ఎకరమునకు 10,000 రూపాయల సాయము ప్రకటించెను. ఒక నెల యెండకు వెఱచిన రైతు మఱుసటి నెల మంచుగడ్డలకు వెఱవవలసి వచ్చెను.

దీనికి కారణము కలదు. ఈ ఋతువున ఉత్తరపు పొడిగాలియు, బంగాళాఖాతమునుండి వచ్చు తేమగాలియు మన నేలపై నెదురుపడును. నేల బాగుగ కాగిన దినమున ఆ తేమ నిట్టనిలువుగ పైకెగసి ఉఱుముమేఘమగును. అట్టి మేఘపు వెడల్పు తఱచుగ కొలది మైళ్లు మాత్రమే. కావున చెఱువున కీవల వడగండ్లు పడినను, ఆవల ధూళియైన నణగకపోవచ్చును. శ్రావణమాసపు ముసురు జిల్లా యంతట నొక్కతీరున పట్టవచ్చును గాని, ఫాల్గుణపు వాన ఊరూరికి వేఱు. అందుచేతనే గ్రామపు లెక్క గ్రామముననే యుండవలయునని చెప్పుచున్నాము.

ఫోను తెఱచిన రేపటి వాతావరణము తెలియుచుండగా ఈ పుస్తక మెందులకని కొందఱందురు. వాతావరణశాఖవారు మంగళ శుక్రవారములందు వెలువరించు వ్యవసాయ సలహాలను మన సభ్యు లందఱును చదువవలసినదే. కాని సూచన రేపటి మాట, అదియును విశాల ప్రదేశమును గూర్చిన మాట. నిన్న మన పొలమున నేమి జరిగినదో అది చెప్పదు. పంచాంగము సంగతియు నట్టిదే. అది సంవత్సరఫలమును జెప్పును గాని, మన యూరి నిన్నటి వానను గొలువదు.

మండలములలో స్వయంచాలక కేంద్రములు నెలకొన్నవి గదా యని మఱికొందఱందురు. నిజమే. గ్రామపంచాయతి కొక వానమాపకము నుంచవలెనని 2023లో కేంద్రప్రభుత్వము విండ్స్ అను పథకమును గూడ ప్రారంభించెను. అది మన యూరికి వచ్చుట సంతోషమే. కాని యంత్రము చెడిన దినమున అడుగుటకును, దాని యంకెలను సరిచూచుకొనుటకును మనదగ్గఱ నొక పుస్తక ముండవలదా?

ఈ ప్రశ్న వేడుకకు వేసినది కాదు. వాతావరణాధార పంటబీమాలో పరిహారమును రైతు పొలమును జూచి కాక, నిర్ణయించిన కేంద్రపు అంకెలను జూచి లెక్కింతురు. ఆ కేంద్రము పొడిగ నుండి, మన కల్లము తడిసినచో నష్టము మనకే మిగులును. సంఘపు పుస్తకమును జూచి బీమాసంస్థ సొమ్ము చెల్లించునని మేము ఆశపెట్టుట లేదు. అయినను ఐదాఱేండ్ల దినదినపు లెక్కను చేతబట్టుకొని మా యూరికి కేంద్రము వలయునని యడుగుట వేఱు, ఉత్త నోటిమాటతో నడుగుట వేఱు. ప్రధానమంత్రి ఫసల్ బీమా అమలులో నున్నచోట, కోసి పొలమున నారవేసిన పంట 14 దినములలోపల అకాలవర్షముచే చెడినచో 72 గంటలలో తెలియజేయవలయును. ఏ దినమున, ఏ వేళకు, ఎంత వాన యని వ్రాసియున్న సంఘమున సభ్యుని అర్జీకి ఆలస్యముండదు.

ఇట్టి పని మనవారికి క్రొత్తది కాదు. మద్రాసు వేధశాలలో టేలరు దొరగారి కడ నభ్యసించిన గోడే వెంకట జగ్గారావుగారు 1840లో విశాఖపట్టణమున స్వంతవ్యయముతో వేధశాలను స్థాపించిరి. 1856లో వారు గతించిన పిదప అల్లుడగు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని సాగించిరి. అచట నక్షత్రములతోబాటు వాతావరణమును గూడ పరిశీలించుచుండిరి. ఒక గృహస్థుడు చేయగలిగిన పనిని ఇందఱు సభ్యులుగల సంఘము చేయజాలదా?

చేయవలసిన పద్ధతి సులభము. వానమాపకమును కొనలేనిచో, అడుగు చదునుగను గోడలు నిటారుగను ఉన్న డబ్బా చాలును. అందు నిలిచిన నీటిలోతును మిల్లీమీటరు కొలబద్దతో కొలిచిన అదియే వానలెక్క. దానిని బయలున స్థిరముగ నుంచవలెను. దగ్గఱి చెట్టుగాని గోడగాని యెంత ఎత్తున్నదో, దానికి కనీసము రెండింతల దూరమున నుండవలెను. దినదినము ఉదయము 8 గంటల 30 నిమిషములకు చూచి వ్రాసి, నీరు పాఱబోయవలెను. వాతావరణశాఖవారును ఆ వేళకే చూతురు గనుక వారి యంకెతో మనది పోల్చుకొన వీలగును. గరిష్ఠ కనిష్ఠ ఉష్ణమాపకమును నీడను, గాలి యాడుచోట, నేలకు నాలుగడుగుల ఎత్తున గట్టవలెను. వీనికితోడు గాలిదిక్కు, మంచు, మబ్బు, ఉఱుము, వడగండ్లు అను గడు లుండవలెను. వడగండ్లు శనగగింజంతయో, రేగుపండంతయో, నిమ్మకాయంతయో కూడ వ్రాయవలెను.

రెండు నియమములు తప్పరాదు. వాన లేని దినమున 0 అని వ్రాయవలెను. చూడని దినమున గడి ఖాళీగ విడువవలెను. ఈ రెంటిని కలిపినచో పుస్తకము అబద్ధమాడును. మఱచిన దినమును ఊహతో నింపుట అంతకన్న దోషము. తేదీ ప్రక్కన కార్తెయు వ్రాయుట మేలు. చాంద్రమాసములు ఏటేట జరుగును గాని, కార్తెలు సూర్యుని ననుసరించి యించుమించు అవే తేదీలకు వచ్చును. కావున ఈ యేటి శతభిషమును నిరుటి శతభిషముతో పోల్చవచ్చును. పదియేండ్లు గడచిన పిమ్మట, మన యూర మిరప ఆరబోయుటకు ఏ కార్తె భద్రమో, ఏది ప్రమాదమో ఆ పుస్తకమే చెప్పును.

ఫలము పదియేండ్లవరకు ఆగనక్కఱలేదు. ఒక మిల్లీమీటరు వాన యెకరమునకు సుమారు 4,000 లీటర్ల నీటితో సమానము. 20 మిల్లీమీటరులు పడినదని తెలిసిన రైతు మఱునాడు మోటారు వేయునా? వరుసగ మూడు నాలుగు దినములు మంచును మబ్బును పట్టినట్లు పుస్తకమున గనబడినచో, మామిడితోటలో తేనెమంచుపురుగును బూడిదతెగులును వెదకవలసిన వేళ వచ్చినదని తెలియును. పొరుగువాడు కొట్టినాడని మందు కొట్టుట తగ్గును.

సంఘపు గుమాస్తా ప్రతి రూపాయిని ఆ దినముననే చిట్టాకెక్కించును. ఒక దినము తప్పినను తనిఖీదారు ఊరకుండడు. ఆ రూపాయలు పంటనుండి వచ్చునవే, పంట వానను బట్టి యుండునదే. కావున కార్యవర్గములవారు రాబోవు సమావేశముననే యొక తీర్మానము గావించి, ఈ పని నొకరికిని, వారు లేనిదినమున మఱియొకరికిని అప్పగింతురుగాక. ఉదయపు లెక్కను సంఘము గోడపై నల్లబల్లమీద వ్రాయింతురుగాక. ఇరుగుపొరుగు సంఘములు నెలకొకమాఱు తమ లెక్కలను మార్చుకొనినచో, ఏ మేఘ మెవరి పొలముపై నడచినదో మన మండలమునకే యొక పట మేర్పడును. ఖర్చు స్వల్పము. కావలసినది దినమునకు పది నిమిషముల శ్రద్ధయు, ఒక్క దినమును తప్పని పట్టుదలయు మాత్రమే.