ఏసీకి 40 వేలు, ఈవీకి లక్షలు.. మరి డీబీ బాక్స్‌కి?

కొత్త ఏసీ కొనేముందు మనం ఎన్ని చూస్తాం! స్టార్ రేటింగ్, కంప్రెసర్ వారంటీ, వైఫై ఉందా లేదా, బ్యాంక్ ఆఫర్ ఎంత.. నాలుగు రోజులు రివ్యూలే రివ్యూలు. కానీ ఆ ఏసీకి కరెంట్ పంపే డీబీ బాక్స్‌ను మాత్రం గృహప్రవేశం తర్వాత ఒక్కసారి కూడా తెరిచి చూడనివాళ్లే మనలో ఎక్కువ. తలుపు వెనకో, మెట్ల కిందో, క్యాలెండర్ చాటునో పడి ఉంటుంది పాపం.

సూటిగా చెప్పేస్తాను. ఇంటి డీబీ అప్‌గ్రేడ్ ఖర్చును అదనపు భారం అనుకోవడం తప్పు. అది మీరు కొనే ఏసీ, ఇండక్షన్ స్టవ్, ఈవీ ధరలోనే ఒక భాగం. షోరూమ్ వాడు బిల్లులో వేయడు కాబట్టి మనం లెక్కలో వేసుకోవడం లేదు, అంతే.

లెక్క వేస్తే ఏం తేలుతుందంటే..

మనకొచ్చేది 230 వోల్ట్స్ సప్లై. వాట్స్‌ను వోల్ట్స్‌తో భాగిస్తే ఎన్ని ఆంప్స్ లాగుతుందో దాదాపుగా తెలిసిపోతుంది. 1.5 టన్ను ఏసీ ఫుల్ లోడ్‌లో సుమారు 1,500 వాట్స్ తీసుకుంటుంది. అలాంటివి రెండు అంటే 3 కిలోవాట్లు. ఎలక్ట్రిక్ కారును మామూలు 15 ఆంప్స్ ప్లగ్‌కి పెడితే ఇంకో 3.3 కిలోవాట్లు. ఫ్రిజ్, ఫ్యాన్లు, టీవీ అన్నీ కలిపి అర కిలోవాట్ అనుకుందాం. మొత్తం 6.8 కిలోవాట్లు, అంటే దాదాపు 30 ఆంప్స్. అదీ ఐదు నిమిషాలు కాదు, ఏప్రిల్ రాత్రిపూట గంటల తరబడి.

ఇప్పుడు మీ కరెంట్ బిల్లు తీసి శాంక్షన్డ్ లోడ్ చూడండి. పాత ఇళ్లలో 2 లేదా 3 కిలోవాట్లే ఉండటం మామూలే. 3 కిలోవాట్లు అంటే 13 ఆంప్సే. రెండు ఫ్యాన్లు, ఒక టీవీ, ఒక ఫ్రిజ్ ఉన్న రోజుల్లో వేసిన వైరింగ్ మీద మనం 30 ఆంప్స్ రుద్దుతున్నాం. వైర్‌లో పుట్టే వేడి కరెంట్ రెట్టింపైతే రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. వదులుగా ఉన్న స్క్రూ దగ్గర ముందు ప్లాస్టిక్ వాసన వస్తుంది, తర్వాత నల్లబడుతుంది, ఆ తర్వాత ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అసలు డేంజర్ ‘చిన్న రిపేర్’లోనే

ఎంసీబీ పదేపదే పడిపోతోందని ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తాం. ఆయన 16 ఆంప్స్ ఎంసీబీ తీసేసి 32 ఆంప్స్‌ది పెట్టి రెండొందలు తీసుకుని వెళ్లిపోతాడు. ఇక పడదు, మనమూ హ్యాపీ. కానీ గోడలో ఉన్న 2.5 స్క్వేర్ ఎంఎం వైర్ మారలేదు కదా! ఎంసీబీ ఉన్నది ఆ వైర్‌ను కాపాడటానికి. దాని స్థాయి పెంచేశాక ఇక ఫ్యూజ్ పని చేసేది గోడలోని వైరే.

ఇంకో అపోహ.. ఎంసీబీ ఉంది కాబట్టి షాక్ కొట్టదు అనుకోవడం. ఎంసీబీ ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్ మాత్రమే చూస్తుంది. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఫేజ్‌లో వెళ్లిన కరెంట్, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంట్ సమానమా కాదా అని అది నిరంతరం పోల్చుకుంటుంది. 30 మిల్లీఆంప్స్ తేడా వస్తే చాలు, సెకనులో మూడోవంతు కూడా గడవకముందే సప్లై కట్ చేస్తుంది. గీజర్‌లో, వాషింగ్ మెషీన్‌లో లీకేజీ ఉన్నప్పుడు మన ప్రాణం దాని చేతిలోనే ఉంటుంది. అలాంటిది, అది ఊరికే పడిపోతోందని దాన్ని బైపాస్ చేయించేవాళ్లూ ఉన్నారు. స్మోక్ అలారం మోగుతోందని బ్యాటరీ పీకేసినట్టే ఇది.

ఖర్చు ఎంత?

బ్రాండ్, ఊరు, ఇంటి సైజును బట్టి మారుతుంది. అయినా సింగిల్ ఫేజ్ 2 బీహెచ్‌కే ఇంటికి అంచనా ఇలా వేసుకోవచ్చు.

- డబుల్ డోర్ డీబీ బాక్స్: రూ.1,500 – 3,000
- ఎనిమిది ఎంసీబీలు: రూ.1,200 – 2,400
- 40 ఆంప్స్, 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ: రూ.2,000 – 3,000
- మెయిన్ ఐసోలేటర్: రూ.400 – 700
- లేబర్: రూ.2,000 – 4,000

అంటే బాక్స్ వరకు మారిస్తే 7 నుంచి 13 వేలు. కొత్త ఎర్తింగ్‌కు 5 నుంచి 10 వేలు. ఏసీకి, ఈవీకి 4 స్క్వేర్ ఎంఎం వైర్‌తో విడివిడిగా లైన్లు లాగితే 8 నుంచి 15 వేలు. అన్నీ కలిపి 20 వేల నుంచి 38 వేల మధ్య తేలుతుంది. శాంక్షన్డ్ లోడ్ పెంచుకుంటే డిస్కమ్‌కు కిలోవాట్ లెక్కన డెవలప్‌మెంట్ ఛార్జీ, సెక్యూరిటీ డిపాజిట్ అదనం.

ఒక మిడ్‌రేంజ్ ఫోన్ ఖర్చు. ఫోన్‌ను మూడేళ్లకు మార్చేస్తాం. సరిగ్గా వేసిన ఎర్తింగ్, వైరింగ్ దశాబ్దాలు పనిచేస్తాయి. వాల్యూ ఫర్ మనీ అని రోజూ మాట్లాడుకునే మనం దీన్ని ఏ కేటగిరీలో పెట్టాలి?

అందరికీ అన్నీ అక్కర్లేదు

అలాగని భయపెట్టి అమ్మేవాళ్ల మాటా నమ్మొద్దు. ఎలక్ట్రిక్ స్కూటర్ పోర్టబుల్ ఛార్జర్లు ఎక్కువగా ఒక కిలోవాట్ లోపే తీసుకుంటాయి. దానికోసం త్రీఫేజ్ కనెక్షన్ అవసరం లేదు, మంచి ఎర్తింగ్ ఉన్న విడి సాకెట్ చాలు. కారుకు 7 కిలోవాట్ల వాల్ బాక్స్ పెడుతుంటే మాత్రం కథ వేరు. అదొక్కటే 30 ఆంప్స్‌కు పైగా లాగుతుంది. దానికి విడి లైన్, విడి ఆర్‌సీసీబీ తప్పనిసరి. ఆ ఆర్‌సీసీబీ కూడా ‘టైప్ ఏసీ’ రకం కాకూడదు. ఛార్జర్ నుంచి డీసీ లీకేజీ వస్తే ఆ రకం పనిచేయకుండా పోవచ్చు. ఏ టైప్ పెట్టాలో వాల్ బాక్స్ మాన్యువల్‌లోనే ఉంటుంది.

యూట్యూబ్‌లో అమెరికా వీడియోలు చూసి 200 ఆంప్స్ ప్యానెల్ అని కంగారు పడనక్కర్లేదు. అక్కడి ఇళ్ల లెక్కే వేరు. కానీ అక్కడి నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. హీట్ పంప్ లాంటి పరికరాలతో కలిపి ప్యానెల్ మారిస్తే ఖర్చులో 30 శాతం, గరిష్ఠంగా 600 డాలర్ల వరకు ట్యాక్స్ క్రెడిట్ 2025 చివరి వరకు ఇచ్చారు. అంటే పరికరం ఎంత ముఖ్యమో ప్యానెల్ కూడా అంతే ముఖ్యమని ఒప్పుకున్నట్టే కదా!

మన దగ్గర చూడండి. ఈవీ మీద, దాని ఛార్జర్ మీద జీఎస్టీ 5 శాతం. 2025 సెప్టెంబర్‌లో ఏసీల మీద 28 నుంచి 18 శాతానికి తగ్గించారు. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్ల సోలార్‌కు 78 వేల సబ్సిడీ ఉంది. మంచిదే. కానీ ప్రాణం కాపాడే ఆర్‌సీసీబీ మీద, వైర్ మీద 18 శాతం జీఎస్టీ అలాగే ఉంది. ఎక్కువ కరెంట్ వాడే వస్తువులు చౌక చేసి, ఆ కరెంట్‌ను సేఫ్‌గా ఉంచేవాటిని అలా వదిలేయడం ఏం లాజిక్? కనీసం ఆర్‌సీసీబీని 5 శాతం శ్లాబులోకి తేవాలి.

అద్దె ఇంట్లో ఉంటే?

మనలో చాలామంది కూకట్‌పల్లిలోనో, విజయవాడలోనో, వైజాగ్‌లోనో అద్దెకు ఉంటున్నవాళ్లమే. ‘ఓనర్ ఇంటికి నేనెందుకు పెట్టాలి?’ అనే ప్రశ్న న్యాయమైనదే. నా ఉద్దేశంలో లెక్క ఇలా ఉండాలి: డీబీ, ఆర్‌సీసీబీ, ఎర్తింగ్ ఇంటితోపాటే ఉండిపోతాయి కాబట్టి అవి ఓనర్ బాధ్యత. మీ ఏసీకో, మీ ఈవీకో వేసుకునే విడి లైన్ మీ ఖర్చు. అడ్వాన్స్ ఇచ్చేముందే ఈ మాట తేల్చుకోండి, తర్వాత అడిగితే ఎవరూ వినరు. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు నీళ్లొస్తాయా, పార్కింగ్ ఉందా అని అడుగుతాం కదా, అలాగే డీబీ తెరిచి ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడండి. ఓనర్‌కు చెప్పి దానిమీది టెస్ట్ బటన్ నొక్కించండి. పడిపోతే పనిచేస్తున్నట్టు. పడకపోతే అది ఉన్నా లేనట్టే.

డబ్బు తక్కువుంటే వరుస ఇలా పెట్టుకోండి. ముందు ఎర్తింగ్, ఆర్‌సీసీబీ. తర్వాత ఏసీ, గీజర్, ఈవీలకు విడి లైన్లు. ఆ తర్వాత శాంక్షన్డ్ లోడ్. యాప్‌తో ఆన్, ఆఫ్ చేసే స్మార్ట్ స్విచ్‌లు, ఎనర్జీ మీటర్లు అన్నిటికంటే చివర. ఎర్తింగ్ లేని ఇంట్లో వాయిస్ అసిస్టెంట్‌తో గీజర్ ఆన్ చేయడం నాకైతే గొప్పగా అనిపించదు.

ఇకమీదట మా రివ్యూల్లో పెద్ద అప్లయన్సుల గురించి రాసినప్పుడు ధర పక్కనే అది ఎన్ని ఆంప్స్ లాగుతుందో, దానికి ఏ ఎంసీబీ, ఏ సైజు వైర్ కావాలో కూడా రాయాలన్నది నా అభిప్రాయం. బ్రాండ్లు బాక్స్ మీద పెద్దక్షరాల్లో వేసేదాకా ఆ పని మనమే చేద్దాం. ఈలోపు మీ ఇంటి క్యాలెండర్ పక్కకు జరిపి ఆ డీబీ డోర్ ఒకసారి తెరవండి. కాలిన మరకో, వాసనో కనిపిస్తే మీరు చెయ్యి పెట్టకుండా లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఏసీ ఆర్డర్ ఆ తర్వాత పెట్టుకోవచ్చు.