ముందు ఏ భాష?

ఇంజినీరింగ్ సీటు ఖాయం కాగానే ఇంట్లో మొదలయ్యే ప్రశ్న: సీ నేర్పించాలా, జావానా, పైథానా? అమీర్‌పేట బోర్డులు చూసి తేల్చుకుందామంటే ఉన్న మతి పోతుంది. అందుకే ఈ సంచిక ముఖచిత్ర కథనం దాని మీదే.

మా మొగ్గు పైథాన్ వైపే, దాచేదేం లేదు. 1970ల తొలినాళ్లలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ సీని రూపొందించింది యూనిక్స్ రాసే నిపుణుల కోసం. పదిహేడేళ్ల పిల్లల కోసం కాదు. అందులో స్కాన్‌ఎఫ్‌తో ఓ అంకె తీసుకోవాలంటే చలరాశి ముందు ఆంపర్‌సాండ్ గుర్తు పెట్టాలి. మరిస్తే ప్రోగ్రామ్ కుప్పకూలొచ్చు. ఎందుకో అర్థం కావాలంటే పాయింటర్ల పాఠం దాకా ఆగాల్సిందే! గిడో వాన్ రాసమ్ 1991లో విడుదల చేసిన పైథాన్‌లో ఈ తలనొప్పి లేదు. పైథాన్ 3లోనైతే చలరాశికి తెలుగు అక్షరాల్లోనే పేరు పెట్టొచ్చు (నమ్మకం కుదరకపోతే టైపు చేసి చూడండి).

మైక్రోకంట్రోలర్ల మీద మనసున్నవాళ్లకు నేడో రేపో సీ తప్పదు. ఏది పట్టుకున్నా ఆర్నెల్లు వదలకండి. పక్కింటి అబ్బాయి జావాకి మారాడని మీరూ మారొద్దు.

మీ మొదటి ప్రోగ్రామ్ ఏ భాషలో రాశారో, అది ఏం చేసిందో మాకు రాయండి. బాగున్న ఉత్తరాలు వచ్చే సంచికలో వేస్తాం.