తిమింగలాలను చూడబోయే పెద్దలకు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలకు సముద్రం లేదు. అయినా ఈ ప్రాంతపు తల్లిదండ్రులు కొందరు అమెరికాలోని పిల్లల వద్దకు వెళ్లినప్పుడు, కాలిఫోర్నియాలోని మాంటెరే వద్దనో, బోస్టన్ తీరంలోనో నౌక ఎక్కి తిమింగలాలను చూసి వస్తున్నారు. "ఈ వయసులో సముద్ర ప్రయాణమా?" అని అడ్డుపడే బంధువులూ ఉన్నారు. నా అభిప్రాయం వేరు. వయసు అడ్డంకి కాదు. జబ్బును దాచిపెట్టి నౌక ఎక్కడమే ప్రమాదం.

తిమింగలం చేప కాదు. మనలాగే ఊపిరితిత్తులతో శ్వాసించి, పిల్లకు పాలిచ్చే ప్రాణి. గాలి కోసం పైకి వచ్చినప్పుడే మనకు కనబడుతుంది. అందుకోసం ఎదురుచూస్తూ సాధారణంగా మూడు నాలుగు గంటలు నీటిపై గడపవలసి ఉంటుంది. ఒక్కరికి నలతగా ఉందని నౌకను వెంటనే వెనక్కి తిప్పడం తేలిక కాదు.

సముద్రంపై వచ్చే వాంతులకు కారణం పైత్యం కాదు. లోపలి చెవి కదలికను తెలుపుతుంటే, కన్ను నిశ్చలమైన గదిని చూస్తుంది. ఈ పొంతన లేని సమాచారమే వికారం కలిగిస్తుంది. కనుక నౌక మధ్యభాగంలో కూర్చొని, దూరాన నింగీ నీరూ కలిసే రేఖను చూడండి. ఫోను చూడకండి. ఖాళీ కడుపుతో వెళ్లవద్దు, మితంగా తినండి.

వాంతుల మాత్రను వికారం మొదలయ్యాక కాదు, ముందుగానే వేసుకోవాలి. అయితే అది కూడా వైద్యుని అడిగిన తరువాతే. ఈ మందులలో చాలావాటికి మగత వస్తుంది. ప్రోస్టేటు వాపు ఉన్నవారికి మూత్రం బిగించవచ్చు. కొన్ని రకాల గ్లాకోమా ఉన్నవారికి కంటి పీడనం పెరగవచ్చు.

మధుమేహ రోగులారా! ఇన్సులిన్ గాని, చక్కెరను తగ్గించే మాత్ర గాని తీసుకున్నాక వాంతులైతే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. గ్లూకోజు జేబులో ఉంచుకోండి. మాటిమాటికీ మూత్రానికి లేవాలన్న మొహమాటంతో బీపీ, గుండె మాత్రలు మానకండి. నౌకలో మరుగుదొడ్డి ఉన్నదీ లేనిదీ ముందే అడగండి. ఇటీవల గుండెపోటు వచ్చినవారు, శస్త్రచికిత్స జరిగినవారు వైద్యుని అనుమతి లేకుండా ఎక్కరాదు.

లక్నవరం చెరువులో పడవ ఎక్కేటప్పుడు కూడా లైఫ్ జాకెట్ విషయంలో అశ్రద్ధ వద్దు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద మునిగిన పడవలో మన వరంగల్ సమీపంలోని కడిపికొండ వాసులూ ప్రాణాలు కోల్పోయారు. విదేశీ నౌకలో సిబ్బంది చెప్పే జాగ్రత్తలు ఆంగ్లంలో ఉంటాయి. వాటిని తెలుగులో చెప్పించుకోండి.

పిల్లలకు ఒక మాట. టికెట్టు కొన్న తరువాత ఆరోగ్యం గురించి అడిగితే, డబ్బు వృథా అవుతుందని అమ్మానాన్నలు "బాగానే ఉన్నాం" అంటారు. కొనకముందే అడగండి. అప్పుడే నిజం చెబుతారు.