నెక్ మసాజర్ కొనాలా? ఉద్దానం వాళ్లకి నా సమాధానం వేరు

సేల్ మొదలైతే చాలు, ఫోన్ కవర్ల పక్కనే నెక్ మసాజర్లు కనిపిస్తాయి. ఏది కొనాలని అడిగితే మామూలుగా మోటార్, బ్యాటరీ బ్యాకప్ చూసి చెప్పేస్తాం. అడిగింది అక్కుపల్లి నుంచో పలాస నుంచో అయితే మాత్రం ముందు కిడ్నీల గురించి మాట్లాడాలి.

మెడ పట్టేస్తే మందుల షాపుకెళ్లి పెయిన్‌కిల్లర్ వేసుకోవడం మనకి అలవాటు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీలకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైందంటే సమస్య ఎంత పెద్దదో అర్థమవుతుంది. అలాంటి చోట మాత్రల అవసరం తగ్గించేది ఏదైనా విలువైనదే. మసాజ్ అలాంటిదే.

మరి గ్యాడ్జెట్ ఆ పని చేస్తుందా? దీర్ఘకాలిక మెడనొప్పి ఉన్న 228 మందిపై అమెరికాలో జరిగిన పరిశోధన ఒకటి 2014లో వచ్చింది. చేత్తో గంటసేపు, వారానికి రెండు మూడు సార్లు, నాలుగు వారాలు మసాజ్ చేయించుకున్నవాళ్లకి బాగా ఉపశమనం దొరికింది. అరగంట మసాజ్‌తో పెద్దగా తేడా రాలేదు. మన మసాజర్లేమో చాలావరకు 15 నిమిషాలకే ఆటో ఆఫ్! మెడకి తగిలించుకునే పల్స్ రకం అసలు పిసకదు, చిన్న కరెంట్‌తో కండరాన్ని కదిలిస్తుందంతే. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దాని జోలికి వెళ్లొద్దు. మసాజ్ గన్ మెడ ముందు, పక్కల పెట్టొద్దు. మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళాలు అక్కడే ఉంటాయి.

కొనాల్సిందే అంటారా? వేడి ఇస్తూ పిసికే రకం తీసుకోండి. కాసేపు హాయిగా ఉంటుంది. ఇంట్లో ఎవరైనా కొబ్బరినూనె రాసి భుజాలు, మెడ వెనక మెల్లగా ఒత్తితే ఖర్చు కూడా ఉండదు.

అసలు తగ్గించాల్సింది మెడ వంచి ఉండే టైమ్. పగలంతా తల వంచి జీడిపప్పు పొట్టు తీసి, రాత్రి మళ్లీ తల వంచి రీల్స్ చూస్తే మసాజర్ ఏం చేస్తుంది? మన తల బరువు 5 కిలోలే. 60 డిగ్రీలు వంచితే మెడపై 27 కిలోల భారం పడుతుందని ఒక లెక్క. అందుకే నా ఓటు మసాజర్ కంటే ముందు ఫోన్ స్టాండ్‌కి. ఫోన్ కళ్ల ఎత్తులో పెట్టండి, పనిలో అరగంటకోసారి లేవండి.

చేయి తిమ్మిరెక్కినా, పట్టు తగ్గినా మసాజ్ ఆపేసి డాక్టర్‌ని కలవండి. కిడ్నీ సమస్య ఉంటే ఏ నొప్పి మాత్రయినా అడిగాకే వేసుకోండి.